తొక్కినా పలకని పెడల్

“ఆమెకు జెప్పు బెంజమిన్, చాయ్‌ల చక్కెర ఎక్కువైందని.”

నిర్మలమ్మ ఆ మాట అన్నప్పుడు కోమల ఆమెకు చేతికందేంత దూరంలోనే, పొయ్యి దగ్గర నిలబడి ఉంది. బెంజమిన్ తల్లి ముఖం ఒకసారి, భార్య వీపు ఒకసారి చూసి, చివరికి తన గ్లాసులోకి చూస్తూ, “చక్కెర ఎక్కువైందంట” అన్నాడు.

“విన్న” అంది కోమల.

“విన్నదంట అమ్మా.”

“ఎందుకు వినది? ఆమె చెవులు మంచిగనే ఉన్నయి. దోఖా అయింది నా చెవులకే గద.”

బెంజమిన్ మిగిలిన చాయ్‌ను ఒక్క గుక్కలో తాగేసి, హెల్మెట్ తీసుకుని డ్యూటీకి బయలుదేరాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌కు ఏ ఉదయమైనా ఎక్కడో ఒకచోట తీగ తెగుతూనే ఉంటుంది. ఈ వారం మాత్రం అతను ఫోను రాకముందే ఇల్లు దాటుతున్నాడు.

బుధవారం నుంచి ఆ ఇంట్లో మాటలు ఇదే దారిన నడుస్తున్నాయి. ముందుగది ఊడుస్తూ పియానో వెనక్కి చీపురు పోనిచ్చిన నిర్మలమ్మకు, నల్లని తీగ ఒకటి దేనికీ తగిలించి లేకుండా నేల మీద పడి కనిపించింది. ఆమె దాన్ని చేత్తో పట్టుకుని, అది ఎక్కడినుంచి వస్తున్నదో వెతుక్కుంటూ, కింద వరుసగా ఉన్న మూడు పెడళ్ల దాకా వచ్చింది. తర్వాత పియానో ముందున్న బెంచీ మీద కూర్చుని ఒక మెట్టు నొక్కి వదిలింది. పెడల్ తొక్కి మళ్లీ నొక్కి వదిలింది. తొక్కినా, తొక్కకున్నా ఒకే తీరు. వేలు లేస్తే ధ్వని తెగిపోతున్నది.

ఆమె ఆ తీగ కొనను తెచ్చి తెల్లని మెట్ల మీద పడుకోబెట్టింది. మూత వేయకుండా లేచిపోయింది. అప్పటినుంచి అది అక్కడే ఉంది. దాన్ని కదపడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.

చర్చికి కొత్తగా స్లాబు వేస్తున్నందువల్ల కొంతకాలంగా ఆదివారం ఆరాధన వీళ్ల ముందుగదిలోనూ, వాకిట్లో వేసిన షామియానా కిందా జరుగుతున్నది. సికింద్రాబాదులో ఒక కుటుంబం, తమ అమ్మాయి వాయించడం మానేసిందని చర్చికి ఇచ్చిన డిజిటల్ పియానో కూడా నేరుగా ఈ ఇంటికే చేరింది. మక్తల్‌లో అటువంటిది చూడడం అందరికీ అదే మొదటిసారి. పాత లెగ్ హార్మోనియం తిత్తులను ఎలుకలు కొరికేశాయి కాబట్టి దాని వయసు తీరిందని అందరూ ఒప్పుకున్నారు. దాన్ని వాయించిన మనిషి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. పెళ్లయి వచ్చిన ఏటి నుంచీ ఆ సంఘంలో ప్రతి పాటకూ ముందు వినిపించేది నిర్మలమ్మ వేళ్లే.

చిక్కు వేళ్లలో లేదు. లెగ్ హార్మోనియానికి కాళ్లే ఊపిరి. కుడి, ఎడమ, కుడి, ఎడమ అని తొక్కుతూ ఉంటేనే గాలి నిండుతుంది. కాలు ఆగితే పాట ఆగుతుంది. నిర్మలమ్మ పియానో ముందు కూర్చున్న మొదటి ఆదివారమే ఆమె కుడికాలు కుడి పెడల్‌నూ, ఎడమకాలు ఎడమ పెడల్‌నూ వెతుక్కుని నడక మొదలుపెట్టాయి. కుడి పెడల్ తొక్కితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని బురదయ్యేవి. ఎడమది తొక్కితే పియానో గొంతు ఉన్నట్టుండి తగ్గేది. పాట అలల మీద పడవలాగా లేస్తూ పడుతూ పోతుంటే, పాడేవాళ్లకు ఎక్కడ అందుకోవాలో తెలిసేది కాదు. వెనక వరుసలో పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాతి శనివారం బెంజమిన్ పియానో వెనక వంగి ఆ తీగ పీకేశాడు.

కోమల చూస్తూనే ఉంది. “అత్తమ్మకు జెప్పి తియ్యరాదు?” అని అడిగింది కూడా.

“జెప్తే బాధపడ్తది. తీస్తే ఎవలకు నష్టం? ఆమె తొక్కుకుంటది, వినేటోల్లకు పాట వినవడ్తది.”

జరిగిందీ అదే. పాట పొడిపొడిగా, స్పష్టంగా పలికింది. అందరూ మెచ్చుకున్నారు. పెడల్ తన కాలికి లొంగిందని నిర్మలమ్మ నమ్మింది. పక్కింటి సైదమ్మను పిలిచి, “సూడు, మొదట్ల మొండికేసింది గని, ఇప్పుడు జెప్పినట్టు వింటున్నది” అని తొక్కి చూపించింది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన వెలుగును కోమల ఇప్పుడు తలుచుకోలేకపోతున్నది.

బుధవారం నాడు “ఎవరు పీకిండ్రు?” అని నిర్మలమ్మ అడిగినప్పుడు బెంజమిన్ ఫోనులోకి చూశాడు. నిర్మలమ్మ కోమల వైపు చూసింది. మహబూబ్‌నగర్ హాస్టల్లో ఉన్నప్పుడు కీబోర్డు నేర్చుకున్నది ఈ ఇంట్లో కోమల ఒక్కతే. ఆమె నోరు విప్పలేదు. ఆ మౌనమే ఒప్పుకోలుగా చెల్లిపోయింది.

రేపు కోత పండుగ. అత్తగారు ఆ బెంచీ మీద కూర్చోకపోతే, కోడలు సీటు గుంజుకున్నదనే మాట సంఘమంతటా పాకుతుంది. అంతకన్నా కోమలను కలవరపెడుతున్నది మరొకటి. ఈ మనిషి ఒక్కసారి ఆ బెంచీ వదిలితే మళ్లీ దాని దగ్గరికి రాదు.

*

పొద్దెక్కేసరికి అరుగు మీద పంటలు చేరడం మొదలైంది. గుమ్మడికాయలు, జొన్న కంకుల కట్టలు, ఒక కాలు కట్టేసిన పెట్టకోడి. సంఘపెద్ద ఎల్లస్వామి తన కందుల మూట దింపి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

“వందనాలక్కా. పాటలు ఏమేమి అనుకున్నవో అడుగుదామని వచ్చిన.”

“వందనాలు. కూసో తమ్మీ.”

“ఈ నడుమ నీ వాయింపు మస్తు సాఫ్‌గ వినవడ్తున్నదక్కా. మొదట్ల జర గడబిడ ఉండె. గిప్పుడు కాళ్లు అలవాటైనట్టున్నయి.”

వంటింటి గడపలో నిలబడి కోమల వింటున్నది. అతనికి ఏమీ తెలియదు. మెచ్చుకోవడానికే వచ్చాడు.

“అలవాటైనయి” అంది నిర్మలమ్మ. “మస్తు అలవాటైనయి. రేపు మాత్రం నేను వాయించ. మా కోడలు వాయిస్తది.”

“నేను వాయించ” అంది కోమల గడపలోంచే.

“వాయిస్తది. చెవులు మంచిగున్నయి. కాలు యాడ పెట్టాల్నో ఎర్క. ఏది ఉంచాల్నో, ఏది పీకాల్నో గూడ ఎర్క.”

ఎల్లస్వామి అత్తనూ కోడలినీ మార్చి మార్చి చూశాడు. “పోనీ అక్కా, మంచిదే. ఎన్నేండ్లని నువ్వే మోస్తవ్? వయసు పిల్లలకు గూడ అవకాశమియ్యాలె గద.” ఒక్క క్షణం ఆగి, “నీ ఇష్టం మీదనే గద అంటున్నవ్?” అని అడిగాడు.

“నా ఇష్టమే.”

“అయితే సరే.”

ఇచ్చిన చాయ్ కూడా పూర్తిచేయకుండా లేచాడు. అతను వాకిలి దాటేదాకా చూసి కోమల ఒక సంగతి గమనించింది. ఇంతకాలం వాయించిన మనిషి పండుగ పూట వద్దంటే, ఎందుకక్కా అని ఒక్కమాట కూడా అతను అడగలేదు.

*

రెండో శనివారం కాబట్టి కోమల పంతులమ్మగా పనిచేసే బడికి సెలవు. అన్నాలయ్యాక నిర్మలమ్మ నడుం వాల్చలేదు. ముందుగదిలో కిటికీ పక్కన, పియానోకు వీపు చేసి కూర్చుని కందికాయలు ఒలుస్తున్నది. కోమల లోపలికి వచ్చి, మెట్ల మీది తీగ తీసుకుని, పియానో వెనక మోకాళ్ల మీద కూర్చుంది. తీగ కొనకు నల్ల టేపు చుట్టి ఉంది. గోటితో దాన్ని ఊడదీయసాగింది.

“రాదు అది” అంది నిర్మలమ్మ, వెనక్కి తిరగకుండానే. “బిగ్గ సుట్టిండు.”

కోమల చెయ్యి ఆగింది. బుధవారం తర్వాత అత్తగారు తనతో నేరుగా అన్న మొదటి మాట అది. అందులో ‘సుట్టింది’ అని లేదు.

“మీకు ఎర్కనా?”

“లైన్‌మన్‌కు తీగ కొన ఉత్తగ కనవడితే చెయ్యి ఊర్కుంటదా? పీకిన తీగకు గూడ టేపు సుట్టి పెట్టిండు, ఎవలకన్న షాక్ కొడ్తదేమోనని. నీకెప్పుడొచ్చింది గా పని?”

“ఎర్కయి గూడ నన్నే ఇన్ని మాటలంటుంటిరి?”

“వాడు జెప్తడేమోనని సూస్తున్న. నువ్వన్న జెప్తవేమోనని సూస్తున్న. ఇద్దరికి ఇద్దరు సరిపోయిండ్రు.”

“మీ కొడుకు పేరు మీకు నేనెట్ల జెప్పాలె అత్తమ్మా?”

“నోటితోని.”

కోమలకు నవ్వు వచ్చింది. నవ్వితే ఏమవుతుందోనని ఆపుకుంది. టేపు ముక్కలు ముక్కలుగా ఊడింది. తీగ కొనను దాని రంధ్రంలోకి తోస్తే చిన్న టక్కుమన్న చప్పుడు.

“నేను పీకలే గని, పీకుతుంటే సూసిన” అంది, వెనకనుంచి లేవకుండానే. “వద్దని గట్టిగ అనలే. అన్నట్టు జేసి ఊకున్న. అది నా తప్పే.”

కందికాయల చప్పుడు ఆగిపోయింది. నిర్మలమ్మ చేట పక్కకు పెట్టి, చీరకొంగు దులుపుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది.

“ఏం జేస్తది ఇది? సక్కగ జెప్పు. మొదటినాడు ఎవరన్న జెప్పి ఉంటే గింత దూరం రాకపోతుండె.”

కోమల నేల మీదే పెడళ్ల పక్కకు జరిగింది. “హార్మోనియంల కాలు గాలి ఇస్తది. దీంట్ల కాలు ఏమీ ఇయ్యది అత్తమ్మా. కుడిదాన్ని తొక్కితే, వేలు తీసినంక గూడ ధ్వని నిలవడ్తది. ఇడిస్తే ఆగుతది. గంతే. స్వరం మారినప్పుడు ఇడిచి, కొత్త స్వరం పలికినంక మల్ల తొక్కాలె. వేలు ముందు, కాలు ఎనుక.”

“ఎడమది?”

“అది మెల్లగ వాయించటందుకు. దాని జోలికే పోవద్దు.”

“నడిమిది?”

“దానితోని నాకు గూడ ఎన్నడు పనివడలే.”

“మంచిగుంది. ఉత్తగ కూసుని జీతం తినేటిది గూడ ఉందన్నమాట.”

నిర్మలమ్మ ఒక స్వరం పట్టి, కుడి పెడల్ తొక్కి, చేతులు ఎత్తేసింది. ధ్వని గదిలో నిలబడింది. కిటికీ దాకా పోయి, సన్నబడి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా ముగిసింది. ఆమె చేతులు గాలిలోనే ఉన్నాయి.

“నిజంగనే నిలవడ్తది” అంది, మెల్లగా.

మళ్లీ పట్టింది. రెండు స్వరాలు, మూడు స్వరాలు. కాలు మొత్తం లేపి దబ్బున వేస్తుంటే, మడిమ నేలకు ఆనించి వేళ్లతోనే తొక్కమని కోమల చెప్పింది. అయినా కాలు లేస్తూనే ఉంటే చెయ్యి చాచి ఆ మడిమ పట్టుకుంది.

“ఇడువు. ఎవలన్న సూస్తే, కోడలు కాళ్లు పట్టుకున్నదని బజార్ల జెప్పుకుంటరు.”

“జెప్పుకోనియ్యుండ్రి. మీరు వాయించుండ్రి.”

విడి స్వరాలకు కాలు మాట విన్నది. పాటగా మొదలుపెట్టగానే కథ మారింది. కోత పండుగ పాట మొదటి వరుస నెమ్మదిగా, నిండుగా పలికింది. కోమల ఆనందంతో తల ఎత్తింది. రెండో వరుసలో తాళం అందుకోగానే, నిద్రలేచినట్టు ఎడమకాలు కదిలింది. కోమల దాన్ని పక్కకు జరిపి పట్టుకుంటే కుడికాలు ఒక్కటే నడక సాగించింది. ఆపితే చేతులు కూడా ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే చోట.

“పాట నడుస్తుంటే కాళ్లు ఆగితే నాకు గుండె పట్టేసినట్టుంటది బిడ్డా” అంది నిర్మలమ్మ. ఆమె పైపెదవి మీద చెమట పట్టింది. “గాలి అయిపోతదని భయం. దీంట్ల గాలి లేదని నువ్వు జెప్పినవ్, నాకు సమజైంది. కాళ్లకు ఎవరు జెప్పాలె?”

“వస్తది అత్తమ్మా. కొన్నిరోజులు పడ్తది.”

“రేపటికి రాదు.”

కోమల అబద్ధం చెప్పలేదు. “రాదు” అంది. తర్వాత, తడబడుతూ, “రేపటికి తీగ పీకి వాయించరాదు? గిప్పుడు మీకు ఎర్కయి పీకినట్టే అయితది. రేపొక్కపూట.”

నిర్మలమ్మ ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు.

“ఎర్కయి గూడ ఉత్త కట్టె తొక్కుమంటవా?”

*

పొద్దు వాలుతుండగా బెంజమిన్ వచ్చాడు. హెల్మెట్ తీస్తూనే పియానో మెట్ల మీద తీగ లేదని చూశాడు. భార్య నేల మీద, తల్లి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఏ సంగతి ఎంతదాకా వచ్చిందో అతనికి అర్థమైనట్టుంది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“నేనే పీకిన అమ్మా.”

“అది నాకు బుధారమే ఎర్క. పీకినవని జెప్పకు. ఎందుకు పీకినవో జెప్పు.”

“పాట మంచిగ వినవడాలని...”

“నీకు పాట మీద గింత ప్రేమ ఎప్పటికెల్లి?”

బెంజమిన్ కోమల వైపు చూశాడు. కోమల కళ్లు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు.

“మొదటి ఆదివారం అయినంక పెద్దలు కూసున్నరు” అన్నాడు చివరికి. “ఎల్లస్వామి మామ గూడ ఉండె. కోత పండుగకు జిల్లా నుంచి పాస్టరయ్యగార్లు వస్తరు, గప్పటికి వేరేటోల్లను పెడదామన్నరు. నీకు మెల్లగ జెప్పే పని నాకు అప్పజెప్పిండ్రు. నాకు నోరు రాలే. మా అమ్మ నేర్చుకుంటది, ఒక్క వారం సూడుండ్రి అన్న. గా శనివారం తీగ పీకిన. మరుసటి వారం వాళ్లే వచ్చి, నిజమేరా, మంచిగ నేర్చుకున్నదన్నరు.”

కోమల చివ్వున తల ఎత్తింది. ఈ ముక్క ఆమెకు కూడా కొత్తదే. పొద్దున ఎల్లస్వామి కారణం అడగకుండా ఎందుకు లేచిపోయాడో ఇప్పుడు తెలిసింది.

“అంటే నన్ను దింపుదామనుకున్నరు.”

“అమ్మా...”

“నువ్వు దింపకుండ కాపాడినవ్. నాకు తెల్వకుండ దింపుడు, నాకు తెల్వకుండ కాపాడుడు. నడుమ నేను సైదమ్మను పిలిచి తొక్కి సూపిస్తి.” ఆమె గొంతు పెరగలేదు. “గంత గలీజుగ ఉండెనా?”

అరుగు మీద కట్టేసిన కోడి ఒకసారి రెక్కలు కొట్టుకుని సద్దుమణిగింది.

“అడిగిన గద.”

“జర గడబిడ...” అన్నాడు బెంజమిన్.

“నువ్వు నా కొడుకువి. నీ మాట నాకొద్దు.” నిర్మలమ్మ బెంచీ మీదినుంచి లేచింది. “కోమలా, కూసో.”

“నేనా?”

“నేను మొదటినాడు వాయించినట్టు వాయించు. వేళ్లు గట్లనే, కాళ్లు గట్లనే. నీ చెవులు మంచివి, గుర్తుంటది. ఇన్నేండ్లు నేను పెట్టె ముందటనే కూసున్న. ముంగట కూసున్నోల్లకు ఎట్ల వినవడ్తదో ఒక్కనాడు వినలే. బయట ఆడోల్లు కూసునే కాడ కూసుని వింట. విన్నంక, రేపు ఏం జెయ్యాల్నో నేను జెప్త. మీరు జెప్పకుండ్రి.”

ఆమె వాకిట్లోకి పోయింది. షామియానా కింద చివరి వరుసలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి జరిగిన చప్పుడు వినిపించింది.

బెంజమిన్ రెండడుగుల్లో పియానో దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “కోమలా, ఎడమ కాలు పెట్టకు. జర మంచిగనే వాయించు. ఏం పోయింది? ఆమె మనసు నిమ్మలమైతది.”

“గా శనివారం గూడ గిదే మాటన్నవ్.”

“ముసలి పాణం గద.”

“జరుగు. వెలుతురు అడ్డమొస్తున్నవ్.”

అతను జరిగాడు. కోమల బెంచీ మీద కూర్చుని, కుడికాలు కుడి పెడల్ మీద, ఎడమకాలు ఎడమ పెడల్ మీద పెట్టింది. ఆ ఆదివారం ఆమెకు బాగా గుర్తుంది. మరిచిపోవాలని ప్రయత్నించినందువల్ల ఇంకా బాగా గుర్తుంది. కోత పండుగ పాట ఎత్తుకుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. స్వరాలు పేరుకున్నాయి, గొంతు పడిపోయింది, మళ్లీ ఎగిసింది. తన వేళ్లే తనకు పరాయివిగా, తప్పతాగిన మనిషి పక్కన నడుస్తున్నట్టుగా అనిపించింది. పల్లవి దాటేసరికి కళ్లు మసకబారాయి. చరణం మధ్యలో ఆగిపోయింది.

బెంజమిన్ గడప దాకా పోయి, దాటలేక, చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు.

కుర్చీ కదల్లేదు. మనిషి లేవలేదు. మసకచీకట్లోంచి నిర్మలమ్మ గొంతు మాత్రం వచ్చింది, వంటింట్లో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినంత మామూలుగా.

“కాళ్లు తగ్గించినవ్ కోమలా. నేను ఇంకింత గట్టిగ తొక్కుత. మొదటికెల్లి వాయించు.”